దారిలో చిక్కిన శరణార్థి

గల్ఫ్ దేశాలకు మనుషులను పంపిన కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాల ఇళ్లలో ‘ఔట్‌పాస్’ అనే మాట తెలియనివారు అరుదు. కఫీల్ చేతిలో పాస్‌పోర్టు చిక్కుకున్నవాడు, వీసా గడువు తీరి పోలీసుల కంట పడకుండా రోజులు వెళ్లదీస్తున్నవాడు, చివరికి భారత రాయబార కార్యాలయపు వాకిట నిలబడి, తాను భారతీయుడనని రుజువు చేసుకుని, స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించేందుకు మాత్రమే చెల్లే కాగితం పుచ్చుకుంటాడు. దాని అసలు పేరు ఎమర్జెన్సీ సర్టిఫికెట్. 2017లో సౌదీ అరేబియా, 2018లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఆ కాగితంతోనే ఇల్లు చేరినవారు మన పల్లెలలో, బస్తీలలో ఇప్పటికీ ఉన్నారు. ఆ కాగితం చేతిలో పడేవరకు వారు పడిన అగచాట్లు తక్కువేమీ కావు. అయినా ఎంత దిక్కులేనివాడికైనా ‘ఇది నా దేశపు కార్యాలయం’ అని చెప్పుకుని నిలబడగల గుమ్మం ఒకటి ఉన్నది.

శరణార్థికి ఆ గుమ్మం లేదు. పైగా, ఆ గుమ్మం తొక్కడమే అతనికి ముప్పు. ఈ సంగతి మన పాఠకులలో చాలామందికి కొత్తగా తోచవచ్చు. మాకు కూడా ఇది ఒక మస్అలా రూపంలో ఎదురైన తర్వాతనే వివరంగా విచారించే అవసరం కలిగింది.

మా వద్ద చదువుకుని, ప్రస్తుతం కెనడాలోని మిస్సిసాగా నగరంలో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతున్న ఒక శిష్యుడు 2023లో రమజాను మాసానికి కొంచెం ముందు మాకు ఫోను చేశాడు. “ఉస్తాద్, మా జమాఅత్‌లో ఒక సిరియా సోదరుడున్నాడు. తుర్కియేలో చిక్కుకుపోయాడు. ఇక్కడ అతనికి ఉద్యోగం ఉంది, బ్యాంకులో డబ్బు ఉంది. అక్కడ మాత్రం చేతిలో పైసా లేదు. మసీదు జకాత్ నిధి నుండి అతనికి పంపవచ్చునా?” అని అడిగాడు. ప్రశ్న చిన్నది. దాని వెనుక ఉన్న కథ పెద్దది.

ఆ సోదరుడు అలెప్పో వాస్తవ్యుడు. 2015 నవంబరు నుండి 2016 ఫిబ్రవరి చివరి వరకు గల కొద్ది నెలలలో కెనడా ప్రభుత్వం 25,000 మంది సిరియా శరణార్థులను తీసుకువచ్చి స్థిరపరచింది. వారిలో అతడూ, భార్యా, పిల్లలూ ఉన్నారు. ఈ పథకం క్రింద వచ్చినవారు విమానం దిగిన నాటి నుండే శాశ్వత నివాసులు. అతని తల్లి మాత్రం తుర్కియేలోని గాజియాంటెప్‌లో కూతురి దగ్గర ఉండిపోయింది. 2023 ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపం ఎటువంటిదో పాఠకులకు తెలుసు. తుర్కియేలోనే 50,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తల్లి బ్రతికి బయటపడింది గానీ తుంటి ఎముక విరిగింది. కొడుకు ఆగలేక బయలుదేరాడు. అతని దగ్గర కెనడా ఇచ్చిన శరణార్థి ప్రయాణ పత్రం ఉంది, అందులో తుర్కియే వీసా ఉంది, జేబులో శాశ్వత నివాసి కార్డు ఉంది. తల్లికి సేవ చేస్తూ నాలుగు వారాలు గడిపాక, ఒక బస్సు స్టేషనులో అతని పర్సు పోయింది. అందులో బ్యాంకు కార్డులతో పాటు ఆ నివాసి కార్డు కూడా ఉంది. ప్రయాణ పత్రం వేరే సంచిలో ఉండి దక్కింది గానీ, దాని గడువు ఇంకా కొద్ది వారాలే మిగిలింది.

ఇక్కడ ఆగి ఒక విషయం విడమరచి చెప్పాలి. ఇటువంటి ఆపదలో పడినవారు మూడు వేర్వేరు వస్తువులను ఒకటిగా కలిపి చూసి కంగారు పడతారు. నివాస హక్కు ఒకటి. దానిని రుజువు చేసే కార్డు మరొకటి. సరిహద్దులు దాటించే ప్రయాణ పత్రం ఇంకొకటి. కార్డు పోయినంత మాత్రాన హక్కు పోదు. శాశ్వత నివాసి అని నిర్ధారణ అయిన మనిషిని సరిహద్దు అధికారి లోనికి రానివ్వవలసిందేనని కెనడా వలస చట్టం స్పష్టంగా చెబుతున్నది. మరి చిక్కు ఎక్కడంటే, ఆ సరిహద్దు దాకా అతడు చేరలేడు. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకువచ్చిన విమాన సంస్థ నుండి కెనడా ప్రభుత్వం ఒక్కొక్కరికి 3,200 డాలర్ల చొప్పున వసూలు చేయగలదు. అందువల్ల విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగి, న్యాయమూర్తికి కూడా లేనంత పట్టుదలతో కార్డు అడుగుతాడు. అతనితో వాదించి ప్రయోజనం లేదు, అతడు తన సంస్థ డబ్బు కాపాడుకుంటున్నాడు. శరణార్థి హక్కు కెనడాలో భద్రంగా ఉంది, అతడు మాత్రం ఇస్తాంబుల్‌లో ఉన్నాడు.

ఈ ఖాళీని పూడ్చేందుకే ‘పర్మనెంట్ రెసిడెంట్ ట్రావెల్ డాక్యుమెంట్’ అనే అత్యవసర పత్రం ఉన్నది. పేరు పెద్దదే గానీ నిజానికి అది పాస్‌పోర్టులోనో ప్రయాణ పత్రంలోనో అంటించే ఒక స్టిక్కరు. దరఖాస్తు కెనడా వెలుపల ఉన్నప్పుడే చేయాలి. రుసుము 50 కెనడా డాలర్లు. శరణార్థికే కాదు, భారత పాస్‌పోర్టు మీద కెనడాలో శాశ్వత నివాసిగా ఉంటూ, హైదరాబాదుకో గుంటూరుకో వచ్చి కార్డు పోగొట్టుకున్న మన పిల్లలకు కూడా దారి ఇదే. అయితే మన పిల్లల చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటుంది, అది పోతే కొత్తది ఇచ్చే కార్యాలయం ఉంటుంది. శరణార్థికి తేడా అక్కడే వస్తుంది.

ఆ స్టిక్కరు ఇచ్చేముందు అధికారి చూసేది ముఖ్యంగా ఒక లెక్క: గడచిన ఐదేళ్లలో కనీసం 730 రోజులు కెనడాలో ఉన్నాడా లేదా. ఆ లెక్కను రుజువు చేయడానికి పన్ను శాఖ పంపే నోటీసులు, జీతం చీటీలు, ఇంటి అద్దె ఒప్పందం, పిల్లల బడి కాగితాలు పనికివస్తాయి. మా శిష్యుడు ఆ వారమంతా మగ్రిబ్ తర్వాత ఆ సోదరుని ఇంటికి వెళ్లి, అతని భార్య తెరచి ఇచ్చిన డబ్బాలలోంచి ఈ కాగితాలు వెదికి ఫోటోలు తీసి పంపాడట. “ఉస్తాద్, ఆ ఇంట్లో అన్నిటికన్నా విలువైన వస్తువు వంటింటి అలమరలో మెంతుల డబ్బా వెనుక ఉన్న ఆ పన్ను నోటీసులే” అని అన్నాడు. తల్లి ఆసుపత్రి కాగితాలు తుర్కీ భాషలో ఉన్నందున వాటికి ఇంగ్లీషు అనువాదం చేయించవలసి వచ్చింది. కర్మాగారం యజమాని ఇచ్చిన లేఖ జతచేసి, పని పోయే ప్రమాదం ఉందని చూపి, త్వరగా పరిశీలించమని కోరారు.

730 రోజులు నిండనివారి సంగతేమిటి? తల్లికో తండ్రికో సేవ చేస్తూ ఏళ్ల తరబడి వెలుపల ఉండిపోయినవారు ఉంటారు. వారు మానవీయ కారణాలను విన్నవించుకోవచ్చు. అధికారి కాదంటే 60 రోజులలోగా వలస అప్పీలు విభాగానికి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు నడుస్తుండగా, గత 365 రోజులలో ఒక్కసారైనా కెనడాలో అడుగుపెట్టి ఉన్నవారు తిరిగివచ్చేందుకు పత్రం పొందే వీలున్నది. కనుక తల్లిదండ్రుల సేవకు వెళ్లి ఏడాదికి పైబడి ఉండవలసి వస్తుందని తోచినప్పుడు, సంవత్సరం తిరిగేలోపు ఒకసారి వచ్చి వెళ్లడం వృథా ఖర్చు కాదు.

ఇక ముప్పు ఎక్కడ ఉన్నదో చెప్పుకుందాం. దరఖాస్తు వేసి ఎదురుచూస్తున్న రోజులలో ఆ సోదరుణ్ణి ఒక దళారి కలిశాడు. “నీ శరణార్థి పత్రం గడువు తీరబోతోంది, అది తీరితే ఆ స్టిక్కరు దేనిమీద అంటిస్తారు? ఇస్తాంబుల్‌లో సిరియా కాన్సులేటు ఉంది. 800 డాలర్లు కట్టు, కొద్ది రోజులలో సిరియా పాస్‌పోర్టు చేతికి వస్తుంది” అన్నాడు. దళారి అబద్ధం చెప్పలేదు. విదేశాలలో ఉన్న సిరియనులకు పాస్‌పోర్టు ఇచ్చేందుకు 2017 నుండి అస్సద్ ప్రభుత్వం సాధారణ పద్ధతిలో 300 డాలర్లు, తొందర పద్ధతిలో 800 డాలర్లు వసూలు చేసేది. ప్రజలను తరిమివేసిన ప్రభుత్వమే తరిమివేయబడినవారి అవసరాన్ని రాబడిగా మార్చుకోవడం ఈ కాలపు వింతలలో ఒకటి.

ఆ పాస్‌పోర్టు తీసుకుంటే ఏమవుతుంది? 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో, ఏయే సందర్భాలలో ఒక వ్యక్తి శరణార్థి కాకుండా పోతాడో చెప్పే నిబంధన ఉంది. అందులో మొట్టమొదటిది, తన దేశపు రక్షణను తిరిగి స్వచ్ఛందంగా ఆశ్రయించడం. స్వదేశపు పాస్‌పోర్టు తీసుకోవడం, దానిమీద ప్రయాణించడం ఆ రక్షణను ఆశ్రయించినట్లే అన్న ఊహకు దారి తీస్తుంది. ‘నేను శాశ్వత నివాసిని కదా, శరణార్థి హోదా పోతే నాకేమిటి?’ అని చాలామంది అనుకుంటారు. కెనడాలో 2012 డిసెంబరు నుండి ఆ ధీమాకు తావు లేదు. ఈ కారణంతో శరణార్థి హోదా రద్దయితే శాశ్వత నివాస హక్కు కూడా దానితోనే పోతుంది. అప్పీలు విభాగానికి వెళ్లే వీలు సైతం ఉండదు. మిగిలేది ఫెడరల్ కోర్టులో న్యాయ సమీక్షకు అనుమతి కోరడం ఒక్కటే.

ఈ దెబ్బ వెంటనే తగలదు గనుక మరింత ప్రమాదకరం. పాస్‌పోర్టు మీద అంటించిన స్టిక్కరుతో మనిషి హాయిగా ఇల్లు చేరతాడు. రెండేళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు పెడతాడు, తన ప్రయాణాల జాబితా తానే రాసి ఇస్తాడు. అప్పుడు కదులుతుంది ఫైలు. తల్లి అంత్యక్రియలకు వెళ్లినవాడు, భార్య ప్రసవానికి వెళ్లినవాడు, చట్టం ఇలా ఉందని ఎన్నడూ వినని అమాయకుడు ఇలాగే చిక్కుకున్నారు. కొలంబియా నుండి వచ్చిన ఒక మహిళ వ్యాజ్యంలో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2022లో కొంత ఊరట కలిగించే తీర్పు ఇచ్చింది. ఇటువంటి వ్యవహారాలలో ఆ మనిషికి పర్యవసానం నిజంగా తెలుసా, ఎందుకు వెళ్లారు, ఎన్నిసార్లు వెళ్లారు, అక్కడ ప్రాణభయంతో జాగ్రత్తలు తీసుకున్నారా, భయపెట్టింది ప్రభుత్వమా లేక ఇతరులా అన్నవన్నీ తూచి చూడాలన్నది. మంచిదే. కానీ ఆ తూకం దాకా వెళ్లకుండా ఉండడమే మేలు, తూకంలో ఒకవైపు ఉన్నది పిల్లల బ్రతుకు.

మా శిష్యుడు ఆ రాత్రే ఫోను చేసి పాస్‌పోర్టు మాట మరచిపొమ్మని ఆ సోదరునికి గట్టిగా చెప్పాడు. టొరంటోలోని ఒక న్యాయవాది కూడా అదే చెప్పారట. ఎదురుచూపు కొనసాగింది. గాజియాంటెప్ నుండి రాయబార కార్యాలయం ఉన్న అంకారా సుమారు 700 కిలోమీటర్లు. బస్సు ఖర్చు, బస ఖర్చు, మార్చవలసిన విమాన టికెట్టు ఖర్చు. జకాత్ ప్రశ్న ఇక్కడ పుట్టింది.

దివ్యఖుర్ఆన్ తౌబా సూరాలో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. అందులో చివరిది ‘ఇబ్నుస్సబీల్’, అంటే బాటసారి. మన ప్రాంతాలలో జకాత్ పంచేటప్పుడు పేదలు, అప్పులవారు, మదరసా విద్యార్థులు గుర్తుకు వస్తారు గానీ ఈ ఎనిమిదవవాడు అరుదుగా గుర్తుకు వస్తాడు. ఇతడు సొంత ఊరిలో ధనవంతుడే కావచ్చు. ప్రయాణంలో తన ధనం తనకు అందకుండా పోయినందున, ఆ సమయానికి నిరుపేదతో సమానం. అవసరం మేరకు అతడు జకాత్ తీసుకోవచ్చునని ఫుఖహాలు చెప్పారు. అయితే అప్పు దొరికే వీలుంటే అప్పు తీసుకోవడమే ఉత్తమమని హనఫీ ఫుఖహాలు అన్నారు. ఇల్లు చేరిన తర్వాత ఏమైనా మిగిలితే దానిని తిరిగి ఇవ్వవలసిన అవసరం లేదనీ చెప్పారు. కనుక మేము మొదట అడిగింది, అతని భార్య డబ్బు పంపగలదా అని. పంపగలదు, పంపింది కూడా. కానీ డబ్బు బదిలీ చేసే దుకాణంలో అతని శరణార్థి పత్రాన్ని గుర్తింపుగా అంగీకరించలేదు. పాస్‌పోర్టు తెమ్మన్నారు! చెల్లెలి పేరున పంపితే ఆమె వేలిముద్రల కార్డు భూకంపంలో పోయింది. మొత్తానికి అక్కడి పొరుగువారు ఒకరు అప్పు ఇచ్చారు. అది చాలని రోజులకు జకాత్ నిధి నుండి ఆ పొరుగువారి ద్వారానే పంపడానికి మేము సమ్మతి తెలిపాము. ‘ఇబ్నుస్సబీల్’ అధ్యాయాన్ని విద్యార్థులకు బోధించేటప్పుడు ఒంటె తప్పిపోయిన బాటసారి ఉదాహరణ చెప్పడం ఆనవాయితీ. ఈ సంవత్సరం నుండి పర్సు పోయిన శరణార్థి ఉదాహరణ కూడా చెబుతున్నాము.

పత్రం వచ్చింది, గడువు తీరకముందే అతడు ఇల్లు చేరాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు. శరణార్థి ప్రయాణ పత్రం కూడా పోయినవారి మాటేమిటో చూద్దాం.

ఆ నీలిరంగు పత్రానికి ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశం కోల్పోయిన రష్యా శరణార్థుల కోసం నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ చొరవతో 1922లో ఒక ధ్రువపత్రం వచ్చింది. దానినే నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. దానితో సరిహద్దు దాటి వెళ్లవచ్చు గానీ, ఇచ్చిన దేశం తిరిగి రానిస్తుందన్న హామీ మొదట్లో అందులో లేదు. వెళ్లడమే గాని రావడం లేని కాగితాన్ని చూసి ఏ దేశం వీసా ఇస్తుంది? 1951 ఒడంబడికలో ఆ లోపం లేదు. తన గడ్డమీద చట్టబద్ధంగా ఉంటున్న శరణార్థికి ప్రయాణ పత్రం ఇవ్వాలని 28వ అధికరణ చెబుతుంది. గడువు ఉన్నంతకాలం ఆ పత్రం గలవాణ్ణి తిరిగి రానివ్వాలని దాని అనుబంధం చెబుతుంది. విదేశాలలోని దౌత్య కార్యాలయాలకు అధికారమిచ్చి, గడువును ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చునని కూడా అందులోనే ఉంది. అమెరికా మాత్రం తన శరణార్థి పత్రాన్ని ఒక సంవత్సరానికే ఇస్తుంది, పొడిగించదు.

అదే అనుబంధంలో మరొక వాక్యం ఉన్నది. ఈ పత్రం ఉన్నంత మాత్రాన, దాన్ని ఇచ్చిన దేశపు దౌత్య కార్యాలయాల రక్షణ పొందే హక్కు రాదు. కువైట్‌లో మన కార్మికుడు భారత రాయబారిని నిలదీసి అడగగలడు. కెనడా పత్రం గల సిరియా శరణార్థి కెనడా కార్యాలయాన్ని అభ్యర్థించగలడు, అంతే. అందువల్ల అతని అభ్యర్థన లోపం లేకుండా ఉండాలి. పత్రం పోయిన రోజే స్థానిక పోలీసుల వద్ద ఫిర్యాదు చేసి నకలు తీసుకోవాలి. పోయిన పత్రంతో పాటు ఆ దేశంలో ప్రవేశించిన ముద్ర, వీసా కూడా పోయాయి గనుక, బయటికి వెళ్లేందుకు ఆ దేశపు వలస శాఖ నుండి కూడా కాగితం కావాలి. ఇది చాలామందికి విమానాశ్రయం చేరాకగాని తెలియదు. ఆ తర్వాత సమీపంలోని కెనడా కార్యాలయానికి పత్రం పోయిన సంగతి తెలియజేయాలి. ఏ పాస్‌పోర్టూ పొందలేని శరణార్థులను తన దేశానికి తీసుకువచ్చేందుకు కెనడా వాడే ఒకసారి ప్రయాణ పత్రం ఒకటి ఉన్నది. అటువంటి మార్గం కోరుతూ, స్వదేశపు పాస్‌పోర్టు తనకు ఎందుకు సాధ్యం కాదో రాతపూర్వకంగా చెప్పాలి. దారిలో విమానం మారవలసిన దేశం ఉంటే అక్కడి నిబంధనలు ముందే తెలుసుకోవాలి, నేరుగా వెళ్లే విమానం ఖరీదైనా మంచిది.

అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఇచ్చే అత్యవసర ప్రయాణ పత్రం ఉంది. 1945 నుండి ఇస్తున్నారు, రుసుము లేదు. అయితే ముందుగా గమ్యదేశం రానిస్తానని, ఉన్న దేశం పోనిస్తానని ఒప్పుకోవాలి. యుద్ధం ముగిసిన తొలి రోజులలో ఈ పత్రాన్నే మారుపేరుతో పొంది నాజీ నేరస్థుడు ఐక్‌మన్ 1950లో అర్జెంటీనాకు పారిపోయాడు. దొంగ వాడుకున్న తలుపు మీద తాళాలు పెరుగుతాయి, నిర్దోషులు ఆ తాళాల ముందు వేచి ఉంటారు. ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ సాధారణంగా స్వయంగా శరణార్థులకు ప్రయాణ పత్రాలు జారీ చేయదు. కానీ కార్యాలయాల మధ్య మాట చేరవేయడంలో దాని సహాయం కోరవచ్చు.

పోలికలు కలిసిన అన్న కార్డు మీద తమ్ముడు విమానం ఎక్కడం, పోని పత్రాన్ని పోయిందని రాయించడం వంటి ‘ఉపాయాలు’ కూడా మేము విన్నాము. షరీఅత్ దృష్టిలో అది మోసం, చట్టం దృష్టిలో నేరం. నిజం చెప్పి నెల రోజులు నిలిచిపోయినవాడు ఇల్లు చేరతాడు. అబద్ధం చెప్పి పట్టుబడినవాని మాట తర్వాత ఎవరూ నమ్మరు.

అమెరికాలో ఉన్న మన బంధువుల కోసం రెండు మాటలు. గ్రీన్ కార్డు విదేశంలో పోతే అక్కడి అమెరికా కాన్సులేటులో ఐ-131ఎ అనే దరఖాస్తు ఇవ్వాలి. రుసుము 2024 నాటి పట్టికలో 575 డాలర్లు. బయటికి వెళ్లి ఏడాది దాటనివారికే సాధారణంగా ఈ దారి వర్తిస్తుంది, రీఎంట్రీ పర్మిట్ ఉంటే రెండేళ్లు. శరణార్థి పత్రం లేకుండానే వెళ్లిపోయినవారు, వెళ్లిన ఏడాదిలోపు విదేశం నుండే దానికి దరఖాస్తు చేసుకునే వీలు నిబంధనలలో ఉంది. కానీ అది అధికారి విచక్షణ, దానిని నమ్ముకుని బయలుదేరడం వివేకం కాదు.

హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో ఉంటున్న రోహింగ్యా కుటుంబాలకు ఇవేవీ వర్తించవు. భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు, కాబట్టి ఆ ఒడంబడిక ప్రకారం ప్రయాణ పత్రం ఇచ్చే ఏర్పాటు ఇక్కడ లేదు. వారి చేతిలో ఉన్నది శరణార్థుల సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు మాత్రమే. ఏదైనా దేశం వారిని స్వీకరించినా, బయలుదేరేందుకు ఇక్కడి ప్రభుత్వ నిష్క్రమణ అనుమతి కావాలి. మిస్సిసాగా సోదరుని కష్టం చదివి జాలిపడే మనం, మన ఊరిలోనే కష్టపడే పత్రం కూడా లేనివారు ఉన్నారని ఎరుగుదుముగాక.

2024 డిసెంబరు 8న అస్సద్ ప్రభుత్వం కూలిపోయింది. అలెప్పో దారి తెరుచుకున్నది. ఆ వారంలోనే ఆ సోదరుడు మా శిష్యుణ్ణి అడిగాడట, ‘ఇక భయం పోయింది కదా, నా ఇల్లు చూసి రావచ్చునా?’ అని. దేశ పరిస్థితులు మారినందువల్ల శరణార్థి హోదా ముగిసిందని కెనడా నిర్ణయించినా, ఆ ఒక్క కారణంతో శాశ్వత నివాస హక్కు పోదు. కానీ సిరియా పాస్‌పోర్టు తీసుకుని తానుగా వెళ్లడం వేరే నిబంధన క్రిందకు వస్తుంది, దానితో హక్కు పోవచ్చు. బయటివారికి ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. పైగా అతని శరణార్థి పత్రం సిరియా తప్ప ఇతర దేశాలకే చెల్లుతుంది. పౌరసత్వం వచ్చేవరకు ఓపిక పట్టమని న్యాయవాది చెప్పారు.

పౌరసత్వానికి కావలసిన 1,095 రోజులు అతనికి ఎన్నడో నిండాయి. ఆగింది భాష దగ్గర. 18 నుండి 54 ఏళ్ల మధ్యవారు ఇంగ్లీషులోగాని ఫ్రెంచిలోగాని కనీస పరిజ్ఞానం చూపాలి. పగలంతా రొట్టెల కర్మాగారంలో పనిచేసి, రాత్రి నిద్రపోయే మనిషికి ఆ పరీక్ష పేరు చెబితేనే గుండె జారేది. భూకంపం నాటికి అతడు పౌరుడై ఉంటే పర్సు పోయినా కెనడా కార్యాలయం నుండి పాస్‌పోర్టు తీసుకుని వచ్చేవాడు. ఈ మాట అతని భార్యే అన్నదట. ఇప్పుడు మా శిష్యుడు ఆదివారాలు జుహ్ర్ తర్వాత మసీదు క్రింది గదిలో ఇంగ్లీషు తరగతి పెట్టించాడు. సిరియనులు, అఫ్గానులు కలిసి ఇరవై మంది దాకా వస్తున్నారు, ఆడవారికి వేరే వేళ.

ఇక ఆ సోదరుడు అంకారా నుండి అడిగించిన రెండవ మస్అలా మిగిలింది. ‘రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు అంటూ పత్రం కోసం ఎదురుచూస్తున్నాను. పదిహేను రోజులు దాటిపోయాయి. నేను నమాజు కస్ర్ చేయాలా, పూర్తిగా చేయాలా?’ పదిహేను రోజులు ఉండాలన్న సంకల్పం లేకుండా, పని ముగియగానే బయలుదేరుదామన్న ఉద్దేశంతో రోజులు గడుస్తున్నవాడు ప్రయాణికుడే. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు దారిని మూసివేసినప్పుడు ఆరు నెలలు కస్ర్ చేస్తూ ఉండిపోయారన్న రివాయత్ ప్రసిద్ధం. మంచు కరగడం కోసం ఆగినా, కార్యాలయం సంతకం కోసం ఆగినా హుకుం ఒకటే. అతడు అంకారాలో ఒంటరిగా నమాజు చేసినప్పుడు రెండు రకఅతులు, స్థానిక ఇమాము వెనుక నిలబడినప్పుడు నాలుగు చదవాలని జవాబు పంపాము.